కుక్క చెప్పిన చలికాలం

ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ ఒక కుక్కా ఉండేవాళ్ళు.

ఆడవాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. పెద్దావిడ ఆ ఇంటికి ముందొచ్చింది, చిన్నావిడ చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. వాళ్ళని తెచ్చిన అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఇల్లూ, ఇంటి వెనక పెరడూ, ఈ ఇద్దరూ మిగిలారు. కుక్క మాత్రం తనంతట తనే వచ్చింది. ఒకనాడు వానలో తడిసి అరుగెక్కి, ఒళ్ళు దులుపుకుని, అక్కడే పుట్టినట్టు పడుకుంది. పొమ్మన్నవాళ్ళు లేరు. పేరు కూడా పెట్టలేదు. ఒరేయ్ అంటే వచ్చేది, అనకపోయినా వచ్చేది.

పెరడు పెద్దదేం కాదు. ఒక బావి, బావి పక్కన బట్టలుతుక్కునే బండ, ఒక నీళ్ళ గోళెం, గోళెంలోంచి పొర్లిన నీళ్ళు తాగి బతికే అరటి పిలకలు. ఒక వేపచెట్టు, ఒక జామ, గోడవారన పారిజాతం, దొడ్డి తలుపు దగ్గర మునగ. మిగతా జాగాలో మళ్ళు. మళ్ళంటే ఎకరాలనుకునేరు, నులకమంచం వాల్చినంత మళ్ళు.

రోజూ పొద్దున్నే కాఫీ తాగి పెద్దావిడ పెరడంతా ఒక చుట్టు తిరిగేది. ముందు కుక్క, వెనక ఆవిడ. కుక్క ఎక్కడ ఆగితే ఆవిడా అక్కడ ఆగేది. అది వాసన చూసిన చోట ఆవిడ వంగి ఆకు తిరగేసి చూసేది. వేప చిగుళ్ళు రాగిరంగులో తొంగిచూసే రోజుల్లో కుక్క తలెత్తి తుమ్మేది. పూత రాలే రోజుల్లో దాని వీపు మీద తెల్లటి పొడి పడితే, ఆవిడ కొంగుతో దులిపేది. తొలకరి పడగానే మట్టిలోంచి ఆరుద్ర పురుగులు ఎర్రగా బయటికొచ్చేవి. కుక్క ముక్కు నేలకి ఆనించి వాటి వెనకే నడిచేది. ఒక్కదాన్ని కూడా తొక్కేది కాదు.

వానలు ముదిరి మునగచెట్టుకి గొంగళిపురుగులు పట్టాయంటే అటు పోయేది కాదు. ఒకసారి ముక్కుకి అంటుకుని అది పడ్డ బాధ అంతా ఇంతా కాదు మరి. ఆశ్వయుజంలో పారిజాతం కింద నిలబడి, నాలుగు పువ్వులు నెత్తిన పడ్డాకే కదిలేది. చలి రోజుల్లో చిక్కుడు పందిరికి సాలెగూళ్ళు అల్లుకుని, వాటి మీద మంచు బొట్లు మెరుస్తుంటే చూసి మొరిగేది. అది నిన్నేం చేసిందిరా అని పెద్దావిడ మందలించేది. మందలిస్తూ తనూ నిలబడి చూసేది.

ఇదంతా ఏ కుక్కయినా చేస్తుందేమో, నాకు తెలీదు. ఈ కుక్క గొప్పంతా పడుకోవడంలో ఉంది.

ఎండాకాలం వచ్చిందంటే అది అరటి పిలకల మధ్య తడిమట్టి గోకి, గుంట చేసుకుని అందులో పొట్ట ఆనించి పడుకునేది. వానాకాలం వచ్చిందంటే అరుగు మీద, వంటింటి గోడకి ఆనుకుని, గోనెసంచి మీద ముడుచుకునేది. చలికాలం వచ్చిందంటే బావి పక్క బండ ఎక్కేది, ఎందుకంటే పొద్దుటెండ ముందు ఆ బండ మీదే పడుతుంది. ఒక చోటినుంచి ఇంకో చోటికి అది మారిందంటే కాలం మారినట్టే. పెద్దావిడ ఆ రోజే విత్తనాల డబ్బాలు దించేది. అరుగెక్కితే బీర, కాకర, బెండ. బండెక్కితే మెంతి, ముల్లంగి, కొత్తిమీర.

చిన్నావిడకి ఇది నచ్చేది కాదు. ఆవిడ వంటింటి గోడకి క్యాలెండరు తగిలించుకుంది. ఏ కార్తె ఎప్పుడొస్తుందో, ఏ మాసంలో ఏం చల్లాలో అందులో చూసి చెప్పేది. క్యాలెండరు ఉండగా కుక్క వెంట పడటమేమిటక్కా, నలుగురూ వింటే నవ్విపోతారు అనేది.

"క్యాలెండరుకి చలేస్తుందా?" అని అడిగేది పెద్దావిడ.

చిన్నావిడ మూతి తిప్పుకుని లోపలికి పోయేది.

ఒక ఏడు క్యాలెండరు ప్రకారం వానలకి ఇంకా వ్యవధి ఉందని చిన్నావిడ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టుకుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కుక్క అరటి గుంటలోంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, అరుగెక్కి పడుకుంది. పెద్దావిడ వడియాలు తియ్యవే అంది. చిన్నావిడ తియ్యలేదు. సాయంత్రానికి వడియాలన్నీ మళ్ళీ పిండయ్యాయి. ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసింది. ఎవరు చెప్పారని అడగక్కర్లేదు, పెద్దావిడే ఇంటింటికీ తిరిగి చెప్పింది.

అప్పట్నుంచి వీధికంతటికీ కుక్కే పెద్దదిక్కయింది. పెరడున్నవాళ్ళు, పెరడు లేక కుండీల్లో పెంచుకునేవాళ్ళు, అందరూ గేటు దగ్గర ఆగి అడిగేవాళ్ళు. బాగున్నారా అని కాదు, కుక్క ఎక్కడ పడుకుంది అని. ఎదురింటాయన పెద్ద చదువు చదివినవాడు, ఆఫీసుకి టై కట్టుకుని వెళ్ళేవాడు. ఆయన కూడా స్కూటరు ఆపి, కొంచెం సిగ్గుపడుతూనే, బండెక్కిందాండీ అని కనుక్కుని వెళ్ళేవాడు. ఎక్కిందంటే ఆదివారం ఆయన మెంతులు చల్లేవాడు.

ఇలా చాలా కాలం సాగింది. కుక్క మూతి నెరిసింది. అరుగు ఎక్కడానికి ముందు ఒకసారి ఆగి చూసుకోవడం మొదలుపెట్టింది. పొద్దుటి చుట్టు కూడా చిన్నదైంది. మునగ దాకా పోకుండా జామ దగ్గరే వెనక్కి తిరిగేది. పెద్దావిడ కూడా జామ దగ్గరే తిరిగేది. దానికి ఓపిక లేకపోతే నేనేం చెయ్యను అనేది.

అలా ఉండగా ఒక ఎండాకాలం వచ్చింది. మామూలు ఎండాకాలం కాదది. పొయ్యి మీద పెట్టకుండానే నెయ్యి కరిగిపోయి ఉండేది. కుళాయిలో మధ్యాహ్నం నీళ్ళు పడితే చెయ్యి కాలేది. ఆవకాయ పెట్టేవాళ్ళు మినహా వీధిలో ఎవరూ పగలు బయటికి రావడం లేదు. కాకులు గోళెం అంచు మీద నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి.

ఒక పొద్దున కుక్క అరటి గుంటలోంచి లేచింది. మెల్లిగా బావి దాకా నడిచింది. బండ ఎక్కబోయి జారింది, మళ్ళీ ఎక్కింది. ఎర్రటి ఎండలో, కాలిపోతున్న రాతి మీద ఒళ్ళు పరిచి, కళ్ళు మూసుకుంది.

చిన్నావిడ చూసి కంగారుపడింది. దానికి వడదెబ్బ తగిలిందని, మతి పోయిందని, చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసి, మెడ పట్టుకుని లాక్కెళ్ళి అరటి నీడలో పడుకోబెట్టింది. కుక్క కదలకుండా పడుకుంది. ఆవిడ అటు తిరగ్గానే లేచి, ఒణుకుతూ, మళ్ళీ బండ దగ్గరికి నడిచింది.

పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. చాలాసేపు చూసింది.

"చలికాలం వచ్చినట్టుందే," అంది.

చిన్నావిడ ముందు నవ్వింది. అక్క మొహంలో నవ్వు కనపడకపోయేసరికి ఆపేసింది. లోపలికి వెళ్ళి క్యాలెండరు మేకు నుంచి తీసి తెచ్చి చూపించింది. జ్యేష్ఠమాసమక్కా, కార్తీకం రావడానికి ఇంకా బోలెడు కాలం ఉంది అని వేలు పెట్టి మరీ చూపించింది. పెద్దావిడ క్యాలెండరు వంక చూడలేదు. శాలువా ఎక్కడ పెట్టావు అని అడిగింది. కుక్కకి కప్పడానికేమో అనుకుని చిన్నావిడ పెట్టె అడుగునుంచి తీసిచ్చింది. పెద్దావిడ దాన్ని తనే కప్పుకుని, పీట ఈడ్చుకెళ్ళి, కుక్క పక్కన ఎండలో కూర్చుంది.

ఇక్కడ చిన్నావిడ మనసులో ఏముందో చెప్పాలి. కుక్కకి ముసలితనం వచ్చిందని ఆవిడకి అర్థమైంది. ముసలి ఒంట్లో వేడి నిలవదు, అందుకే అది ఎండ వెతుక్కుంటోంది. ఈ సంగతి అక్కకి మాత్రం తెలియదా? తెలుసు. కానీ ఒప్పుకోదు. కుక్క తప్పు చెప్పిందని ఒప్పుకుంటే, దాని రోజులు దగ్గరపడ్డాయని ఒప్పుకున్నట్టే. ఆ మాట అనడం కంటే జ్యేష్ఠమాసాన్ని పుష్యమాసం అనడం అక్కకి తేలిక. చిన్నావిడ అలా అనుకుంది. అక్క మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రెండింట్లో ఏది ఎక్కువో తేల్చుకోలేక వంట చేసుకుంది.

మర్నాడు పెద్దావిడ కొత్తిమీర విత్తనం సీసా దించింది.

ఆ విత్తనం సంగతి వేరు. వాళ్ళత్తగారు ఈ ఇంటికి వచ్చేటప్పుడు పుట్టింటినుంచి కొంగున కట్టుకుని తెచ్చుకున్న విత్తనం అది. గింజ చిన్నది, ఆకు చిన్నది. రెండు రెబ్బలు తుంచి చారులో వేస్తే వీధి చివరిదాకా వాసన వచ్చేది. బజారు కొత్తిమీర దాని ముందు గడ్డి. ఏటేటా కొంత కొయ్యకుండా వదిలేసి, ఎండనిచ్చి, విత్తనం కట్టేవాళ్ళు. కిందటేడు గింజ పట్టే వేళకి ముసురు పట్టి అంతా కుళ్ళిపోయింది. సీసాలో గుప్పెడు మిగిలింది. లోకంలో ఇంకెక్కడా లేని విత్తనం, గుప్పెడు.

కొత్తిమీరకి చల్లదనం కావాలి. అది చిన్నావిడకి తెలుసు, వీధికంతటికీ తెలుసు, చెప్పిందే పెద్దావిడ. ఈ ఎండలో చల్లితే గింజ మట్టిలోనే మాడిపోతుంది. చిన్నావిడ బతిమాలింది. కార్తీకం దాకా ఆగమంది. ఆగలేకపోతే సగమన్నా దాచమంది.

"సగం చల్లితే సగం నమ్మినట్టే కదే," అంది పెద్దావిడ.

గింజల్ని నేల మీద పోసి, అరచేతి కింద రాయితో మెల్లిగా నలిపి, బద్దలు చేసింది. మడి గుల్ల చేసి, ఎరువు కలిపి, వంగి, ఒక్కటి కూడా మిగల్చకుండా చల్లింది. కుక్క బండ మీదినుంచి ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

వీధిలో ఈ కబురు పాకింది. కుక్క బండెక్కిందట. ఎండలోనా? ఎండలోనే. కొందరు నవ్వి ఊరుకున్నారు. కానీ వడియాలు తడిసిన సంగతి గుర్తున్నవాళ్ళు నవ్వలేకపోయారు. ఎదురింటాయన ఆకాశం వంక చూశాడు, కుక్క వంక చూశాడు, పెద్దావిడ శాలువా వంక చూశాడు. పెద్దావిడే చల్లాక మనమెంత అని ఆదివారం మెంతులూ ముల్లంగీ చల్లాడు. వీధి చివరింటావిడ బంతి నారు పోసింది. ఆవిడ మొగుడు వద్దన్నాడట, వింటేగా.

ఇక చిన్నావిడ చేసిన పని చూడండి. మధ్యాహ్నం అక్క కునుకు తీసేవేళ గోనెసంచులు బావిలో ముంచి, పిండి, మడి మీద నాలుగు కర్రలు పాతి పందిరిలా కప్పేది. ఎండకి ఆరిపోతే మళ్ళీ తడిపేది. చేదతో తోడి తోడి ఆవిడ అరచేతులు బొబ్బలెక్కాయి. జ్యేష్ఠమాసం నడినెత్తిన ఉండగా మంచమంత జాగాలో మార్గశిరం తేవాలని ఆవిడ ప్రయత్నం. అక్క లేచే వేళకి సంచులూ కర్రలూ తీసి దాచేసేది. క్యాలెండరు తప్పితే ఇంకేదీ నమ్మని మనిషి, ఆ మడి ముందు మాత్రం దేవుడి ముందు నిలబడినట్టు నిలబడేది.

ఒక పొద్దున పెద్దావిడ మడి దగ్గర వంగి, చిన్నదానా అని పిలిచింది. గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. చిన్నావిడ పరిగెత్తింది. మట్టి చీలి, అక్కడొకటి ఇక్కడొకటి, తెల్లటి మెడ వంచుకుని మొలకలు. పెద్దావిడ కుక్క దగ్గరికెళ్ళి దాని తల రెండు చేతుల్లోకి తీసుకుని, నువ్వు చెప్పింది నిజమేరా అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నావిడకి కూడా తిరిగాయి, కానీ ఆవిడ కారణం వేరు.

ఆ మధ్యాహ్నం పెద్దావిడ నిద్రపోలేదు. మొలకలు చూసుకోవాలని పెరట్లోకి వచ్చి, మడి మీద తడి గోనెలు కప్పి ఉండటం చూసింది. ఇవెందుకే అంది. చిన్నావిడ నీళ్ళు నమిలింది. పిట్టలు తినేస్తాయని కప్పానంది.

చలికాలపు లేత ఎండ తగలకపోతే మొక్క పాలిపోతుంది, నీకింకా ఎన్నిసార్లు చెప్పాలి అంటూ పెద్దావిడ గోనెలు లాగేసింది. ఒక్కొక్కటీ మడిచి దూరంగా పెట్టింది. ఇంత పొరపాటు ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. చిన్నావిడ లోపలికి పరిగెత్తింది. గొడుగు తెచ్చి, ఊరికే నిలబడినట్టు, మడి పక్కన నిలబడింది. గొడుగు నీడ ఎంత, మడి ఎంత. పొద్దు వాలేసరికి మొలకలన్నీ నేలకి అంటుకుపోయాయి. మర్నాటికి అక్కడ మొలకలుండేవని చెప్పినా ఎవరూ నమ్మరు.

పెద్దావిడ మడి దగ్గర నిలబడి చూసింది. ఏడవలేదు. వేణ్ణీళ్ళు కాచిపెట్టవే, స్నానం చేస్తాను అంది. ఈ ఎండలో వేణ్ణీళ్ళేమిటి, ఇంకా పంతమేనా అని చిన్నావిడ లోపల్లోపల పళ్ళు నూరుకుంది. అయినా కాచింది.

ఆ ఆదివారం గేటు దగ్గర మనుషులు పోగయ్యారు. ఎదురింటాయన ముందున్నాడు. మెంతులు మొలవలేదు, ముల్లంగి మొలిచి మాడింది. చివరింటావిడ ఎండిన బంతి నారు గుప్పిట్లో పట్టుకొచ్చింది. ఇన్నేళ్ళు నమ్మామే, ఇలా చేస్తే ఎలా అని అందరూ తలో మాటా అన్నారు. ఎవరో వెనకనుంచి ఆ కుక్కకి పిచ్చెక్కిందేమో, మున్సిపాలిటీ వాళ్ళకి చెబుదామా అన్నారు. ఆ మాటకి చిన్నావిడ గేటు గడియ వేసింది.

పెద్దావిడ శాలువా సర్దుకుంటూ గేటు దాకా నడిచింది. ఎదురింటాయన తలొంచుకుని, మర్యాదగానే అన్నాడు.

"పిన్నిగారూ, ఈసారి మీ కుక్క అబద్ధం చెప్పిందండీ."

పెద్దావిడ వెనక్కి తిరిగి, ఇంటి పక్క సందులోంచి పెరటివైపు చూసింది. కుక్క బండ మీద పడుకుని ఉంది. దాని పక్కటెముకలు మెల్లిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. చిన్నావిడకి భయం వేసింది. ఇప్పుడు అక్క దెబ్బలాడుతుంది, చలికాలమేనని వాదిస్తుంది, అందరూ నవ్వుతారు, ఆ నవ్వులు అక్క తట్టుకోలేదు.

"అబద్ధం చెప్పలేదు నాయనా," అంది పెద్దావిడ. "దానికి చలికాలం వచ్చింది. వచ్చిందని చెప్పింది. మీకింకా రాలేదు, అంతే. తప్పు నాది, అందరి కాలం అనుకున్నాను."

చివరింటావిడ చేతిలో నారుని కొంగు చాటున పెట్టుకుంది. పిచ్చి కుక్క అన్నవాళ్ళెవరో గాని, అప్పటికే వెనక్కి జారుకున్నారు. ఎదురింటాయన గేటు మీంచి కుక్క వంక చాలాసేపు చూశాడు. వెళ్తూ వెళ్తూ, దానికి దగ్గర్లో నీళ్ళు పెట్టండి పిన్నిగారూ, లేచి వెళ్ళలేదేమో అన్నాడు. పెడతాను నాయనా అంది పెద్దావిడ.

చిన్నావిడకి ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. అక్క ఒప్పుకుంది. ఇన్నాళ్ళ పంతం వదిలింది. ఇక శాలువా తీసేస్తుంది, నీడకి వస్తుంది, ఇద్దరం కలిసి ఆ ముసలిదాన్ని చూసుకోవచ్చు అనుకుంది. లోపలికెళ్ళి మజ్జిగ చిలికి, ఉప్పూ నిమ్మాకూ వేసి, పెద్ద గ్లాసు నిండా పోసి తెచ్చింది. వచ్చి చూస్తే అక్క పెరట్లోకి వెళ్ళి, బండ మీద కుక్క పక్కనే, ఎండలో కూర్చుని ఉంది. శాలువా మెడ దాకా కప్పుకుంది.

చిన్నావిడకి ఒళ్ళు మండిపోయింది. గ్లాసు గట్టు మీద పెట్టింది. అందరి ముందూ ఒప్పుకున్నావు కదా, ఇంకా ఎవరి కోసం ఈ నాటకం అని నిలదీసింది. ఎండదెబ్బ తగిలి పడితే నిన్ను మొయ్యడం నా వల్ల కాదు, లే అంటూ, లాగి నీడలో కూర్చోబెడదామని అక్క చెయ్యి పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

బండ కాలుతోంది. గాలి కాలుతోంది. తన చేతికి చెమటలు పోస్తున్నాయి. అక్క చెయ్యి మాత్రం బావిలోంచి అప్పుడే తీసినట్టుంది. చిన్నావిడ రెండో చెయ్యి పట్టుకుంది. వంగి పాదాలు పట్టుకుంది. మోకాళ్ళ దాకా అదే చల్లదనం.

ఎప్పట్నుంచి అని అడిగింది.

దాంతో పాటే అంది పెద్దావిడ, కుక్క వీపు నిమురుతూ. రాత్రుళ్ళు దుప్పటి చాలడం లేదని, ఎండలోకొస్తే కాస్త హాయిగా ఉంటోందని, నీతో చెబితే బెంబేలెత్తిపోతావని చెప్పలేదని, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పింది. చిన్నావిడ ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ వింది. శాలువా, వేణ్ణీళ్ళు, జామ దగ్గరే వెనక్కి తిరగడం, అన్నీ ఇన్నాళ్ళూ కుక్క కోసమని తను అనుకుంది. ఇంత దగ్గరుండి ఏం చూశాను అని తనని తను తిట్టుకుంది.

మరి కొత్తిమీరెందుకు చల్లావక్కా, ఉన్నదంతా, అని అడిగింది చివరికి.

పెద్దావిడ ఖాళీ మడి వంక చూసింది.

"మొలిస్తే చలి నా ఒంట్లో కాదు, బయట ఉన్నట్టు కదే. అందరికీ ఉన్నట్టు," అంది. "ఆ నాలుగు మొలకలూ చూసి ఎంత సంతోషపడ్డానో."

చిన్నావిడకి తడి గోనెలు గుర్తొచ్చాయి. గుర్తొచ్చి, తల వంచుకుని పాదాలు రుద్దుతూ ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడ ఆనాడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. అక్క పాదాల మీద కన్నీళ్ళు పడుతుంటే కొంగుతో తుడిచేసింది. చెమటనుకుంటుందిలే అనుకుంది.

వేపచెట్టు మీద ఒక ఉడుత అరుస్తోంది. ఎండకి బావిగట్టు మీది సున్నం తెల్లగా కళ్ళలో గుచ్చుకుంటోంది. కుక్క నిద్రలో ఒకసారి కాలు కదిపి, పెద్దావిడ తొడకి మరికాస్త దగ్గరగా జరిగి, నిట్టూర్చింది.

నీడలోకి పోవే, నువ్వెందుకు ఎండలో, నీ మొహం ఎలా కందిపోయిందో చూసుకున్నావా అని పెద్దావిడ కసిరింది. చిన్నావిడ లేచింది. నీడలోకి పోలేదు. ఇంట్లోకి వెళ్ళి, పెట్టె అడుగునుంచి రెండో శాలువా తీసుకుని వచ్చింది. నడినెత్తిన సూర్యుడుండగా దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని, చివర్లు గట్టిగా లాక్కుని, బండ ముందు నిలబడింది.

"కాస్త జరుగక్కా," అంది. "నాకూ చలేస్తోంది."

పెద్దావిడ తలెత్తి చూసింది. చిన్నావిడ నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది, కనుబొమల మీద ఆగి, చెంపల మీదికి జారుతోంది. పెద్దావిడ అది చూసింది. చూసి, కుక్కని కొంచెం అవతలికి జరిపి, తనూ జరిగింది.